సి డ్రైవ్‌లో చోటు లేదు

"నీకు హార్డ్ డిస్క్‌లో పార్టిషన్ పెంచడం వచ్చా?"

ఖమ్మంలో టైర్ల దుకాణం పై అంతస్తు. బయట ఇన్సూరెన్స్ ఆఫీసు బోర్డు, లోపల ఇంటెలిజెన్స్ చీఫ్ సంపూర్ణ. ఆమె అడిగిన మొదటి ప్రశ్నకే ఏజెంట్ షాలేమ్‌రాజు తెల్లబోయాడు. పిస్టల్ గురించో పాస్‌పోర్ట్ గురించో అడుగుతుందనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు పాపం.

"వచ్చు మేడమ్. డేటా పోకుండానా, పోయినా ఫర్వాలేదా?"

"ఒక్క ఫైలు పోయినా ఊరుకోను. విను."

చర్ల దాటాక అడవి అంచున ఒక బంగళా. పిట్టల మీద పరిశోధన అని గేటుకి బోర్డు. లోపల ఉన్నది హెన్రిక్ అనే విదేశీ గూఢచారి. అతని డ్రోన్లు ఫొటోలు తీసేది పిట్టల్ని కాదు, పోలీసు క్యాంపుల్ని. ఆ సంగతి కళ్ళారా చూసినవాడు ఒక్కడే. పేరు బొజ్జయ్య. పోడు చేసుకుని బతికే పెద్దాయన. ఈ సాయంత్రమే భద్రాచలం కోర్టులో వాంగ్మూలం ఇవ్వబోతున్నాడు.

"బొజ్జయ్య ఎక్కిన జీపు మీద దారిలోనే డ్రోన్‌తో బాంబు వేయాలని హెన్రిక్ ప్లాన్. డ్రోన్ అడవిలో ఎక్కడ దాచాడో తెలియదు. దాన్ని ఎగరేసేది మాత్రం బంగళాలో ఉన్న ఒక్క లాప్‌టాప్ నుంచే."

"ప్రయాణం వాయిదా వేస్తే?"

"సంగతి బయటపడిందని రాత్రికి రాత్రే బంగళా ఖాళీ చేస్తాడు. రేపు ఇంకోచోట నుంచి చంపిస్తాడు. మన అదృష్టం బాగుంది, ఆ లాప్‌టాప్‌లో సి డ్రైవ్ నిండిపోయింది. డ్రోన్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదు. విండోస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేద్దామంటే డ్రోన్ సీక్రెట్ కీలు చెరిగిపోతాయి. వాళ్ళ టెక్నీషియన్ మలేరియాతో మంచం పట్టాడు. మెకానిక్ కోసం వెతుకుతున్నారు."

"ఈ కబురు ఎవరు తెచ్చారు?"

"ఫ్లోరెన్స్."

షాలేమ్‌రాజు మొహం మాడింది. ముదిగొండలో పుట్టి, అరడజను భాషలు నేర్చి, హెన్రిక్‌కి దుభాషిగా కుదిరిన అందగత్తె ఫ్లోరెన్స్. మన రహస్యాలు అటు, అటు రహస్యాలు ఇటు మోస్తుందని డిపార్ట్‌మెంట్‌లో చెవులు కొరుక్కుంటారు.

"ఆమెని నమ్మొచ్చా మేడమ్?"

"నాకూ తెలియదు. జాగ్రత్తగా విను. నీ పని నడుస్తున్నంతసేపు హెన్రిక్ డ్రోన్ ఎగరేయలేడు. అప్పుడే మనం మీద పడితే లాప్‌టాప్ వైరు పీకేస్తాడు, పని సగంలో చెడి, డిస్కులో ఉన్న అతని వెనకున్న పెద్ద తలకాయల పేర్లన్నీ బూడిదే. కాబట్టి నీ పని పూర్తవ్వాలి. ఆలోగా బొజ్జయ్య కోర్టు లోపల ఉండాలి. రెండూ అయ్యాకే సిగ్నల్."

"రెండిట్లో ఒకటే దక్కేలా ఉంటే?"

"బొజ్జయ్య. వైరు నువ్వే పీకెయ్."

పీకినవాడి గతి ఏమిటో ఆమె చెప్పలేదు, ఇతను అడగలేదు. ఒక స్క్రూడ్రైవర్ చేతిలో పెట్టింది. పిడి గట్టిగా తిప్పితే బంగళా చుట్టూ తునికాకు కోసేవాళ్ళ వేషంలో ఉన్న కమాండోలకి సిగ్నల్ వెళ్తుంది. బొజ్జయ్య కోర్టులో అడుగుపెట్టగానే ఫోన్ వస్తుంది. కోడ్ మాట, 'సత్తుపల్లి ప్రింటర్ వచ్చింది'.

మిట్టమధ్యాహ్నం బంగళా ముందు ఫ్లోరెన్స్ స్కూటీ ఆగింది. ఆమెకి నల్ల కళ్ళద్దాలు, ఎర్ర సిల్కు స్కార్ఫ్. వెనక సీటు మీద చెమటకి తడిసిన గళ్ళ చొక్కాతో, ఒళ్ళో సంచితో షాలేమ్‌రాజు. ఇప్పుడతని పేరు వీరబాబు, భద్రాచలంలో కంప్యూటర్ రిపేర్ షాపు. గేటు దగ్గర ఫ్లోరెన్స్ మెల్లగా అంది.

"లోపట నేను నీ దిక్కు ఉంటనని మాత్రం అనుకోకు."

ధైర్యం చెప్పే పద్ధతి ఇదేనేమో అనుకున్నాడు షాలేమ్‌రాజు.

హెన్రిక్ తెలుగు పాత పుస్తకాలు చదివి నేర్చుకున్నాడు. అందుకే నడుముకి పిస్టల్ పెట్టుకుని కూడా పంతులుగారిలా మాట్లాడతాడు.

"రండు. తమరి సంచిలో ఏమేమి కలవు?"

"స్క్రూడ్రైవర్లు సార్. సాఫ్ట్‌వేర్ ఉన్న పెన్‌డ్రైవ్. గిది ఎక్స్‌టర్నల్ డిస్కు, బ్యాకప్ కోసం."

"బ్యాకప్ అనగా నా సమాచారము తమరి డిస్కులోనికి పోవుట. అంగీకరింపను."

"బ్యాకప్ లేకుండ పార్టిషన్ ముట్టుకోవద్దు సార్. మా పనిల మొదటి రూల్ గదే."

"నా ఇంటిలో మొదటి నియమము వేరు." డిస్కునీ ఫోన్‌నీ లాక్కుని బల్ల మీద తన వైపు పెట్టుకున్నాడు హెన్రిక్.

అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు. ఊళ్ళో పెళ్ళి వీడియోలు తీసేవాడు కూడా ముందు బ్యాకప్ అంటాడు. రహస్యాలు దాచడమే బతుకైనవాడు మాత్రం తన ఫైళ్ళకి ఇంకో కాపీ ఉండటాన్ని ఓర్చుకోలేడు. షాలేమ్‌రాజు లోలోపల దండం పెట్టుకున్నాడు. ఆ డిస్కు తెచ్చిందే లాక్కుంటాడని!

లాప్‌టాప్ అడుగు విప్పి, బ్యాటరీ ఉబ్బిందని చెప్పి తీసి పక్కన పెట్టాడు. అది ఉబ్బలేదు, కానీ హెన్రిక్ మెకానిక్ కాదు. ఇక లాప్‌టాప్ ప్రాణమంతా గోడ నుంచి వచ్చే ఒక్క వైరులోనే ఉంది. ఆ వైరు షాలేమ్‌రాజు కుడికాలి పక్కగా పోతోంది. ఇలాంటి పనికి ముందు ఏ మెకానిక్కూ బ్యాటరీ తీయడని ఫ్లోరెన్స్‌కి తెలుసు. కళ్ళద్దాలు తీసి ఒకసారి చూసి, మళ్ళీ పెట్టుకుంది.

పెన్‌డ్రైవ్‌తో మిషన్ తెరుచుకుంది. తెర మీద మూడు రంగుల గళ్ళు.

"గీ మొదటిది సి డ్రైవ్ సార్. నిండిపోయింది. చివరిది డి, సగం ఖాళీ, సగం మీ వీడియోలు. నడుమ చిన్నది రికవరీ. చేను పెంచాల్నంటే గట్టు పక్కనే ఖాళీ భూమి ఉండాలె గద? మనకు నడుమ ఇంకొకాయన మడి ఉంది. ముందుగాల డి ని కుడి దిక్కు జరపాలె, ఎనక రికవరీని జరపాలె. గప్పుడు సి పెరుగుతది."

"ఎంత సమయము పట్టును?"

"వీడియోలన్నీ ఉన్నకాడికెల్లి లేపి పక్కకు సర్దాలె. సాయంత్రమైతది సార్."

హెన్రిక్ పిస్టల్ తీసి బల్ల మీద పెట్టాడు. "నాకు అంత వ్యవధి లేదు. ఫ్లోరెన్స్, నీకు కంప్యూటర్లు తెలియును. వీడు చెప్పునది సత్యమేనా?"

అడ్డదారి ఉంది. వీడియోలు ఆ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి తీసేసి, డి నీ రికవరీనీ చెరిపేస్తే సి క్షణంలో పెరుగుతుంది. మొత్తం పని సగం కంటే తక్కువ టైమ్‌లో తేలిపోతుంది. ఫ్లోరెన్స్ చూపు బల్ల మీది డిస్కు దగ్గర ఆగింది. ఆమె ఒక్క మాట అంటే బొజ్జయ్య ఈ పొద్దు దాటడు.

"నిజమే," అంది ఫ్లోరెన్స్. "మీరు బ్యాకప్ వద్దన్నరు. ఇగ గిదొక్కటే దారి. నడుమల ఆపితే కీలు గూడ పోతయి."

షాలేమ్‌రాజు 'అప్లై' నొక్కాడు.

పని ఎంతైందో చూపే గీత తెర మీద కదలసాగింది. హెన్రిక్ కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. తిట్టలేడు, ఆపలేడు. దొంగకు తేలు కుట్టినట్టుంది అతని పరిస్థితి. జీపు చర్లలో బయల్దేరిందని అతని మనిషి వాకీటాకీలో చెప్పాడు. కాసేపటికి మళ్ళీ గొంతు పలికింది. "సార్, తునికాకు ట్రాక్టర్ రోడ్డుకు అడ్డం బోల్తా పడ్డది. జీపు ఆగిపోయింది."

హెన్రిక్ మొదటిసారి నవ్వాడు.

దానికి తోడు గీత అనుకున్నదానికంటే వేగంగా పరిగెత్తుతోంది. నెమ్మదిగా పోవే తల్లీ అని కంప్యూటర్‌ని బతిమాలిన మెకానిక్ ప్రపంచంలో ఇతనొక్కడే అయ్యుంటాడు. కంప్యూటర్ వినలేదు. డి జరిగింది. రికవరీ జరిగింది. సి పెరిగింది. ఒక్క ఫైలు పోలేదు.

"లెమ్ము!" అతన్ని పక్కకి నెట్టి హెన్రిక్ లాప్‌టాప్ రీస్టార్ట్ చేశాడు. షాలేమ్‌రాజు కాలి బొటనవేలు వైరుని చుట్టుకుంది. ట్రాక్టర్ తీశారో లేదో, జీపు ఎక్కడుందో తెలియదు. విండోస్ రాలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. డిస్క్ చెక్ చేస్తున్నాను, వద్దనుకుంటే ఏదో ఒక కీ నొక్కండి, పది... తొమ్మిది...

"ఇది ఏమి?"

"పార్టిషన్ జరిపినంక విండోస్ అన్నీ సరిచూసుకుంటది సార్. వద్దంటే నొక్కుండ్రి. రేపు ఫైళ్ళు తెరుచుకోకపోతే మాత్రం నన్నడగొద్దు."

హెన్రిక్ వేలు కీ మీద వాలింది. ఐదు... నాలుగు... బొటనవేలు బిగిసింది. పీకితే పిస్టల్ పేలుతుంది. పేలనీ. అక్కడ జీపులో ఒక పెద్దమనిషి వీళ్ళందర్నీ నమ్ముకుని కూర్చున్నాడు. మూడు... రెండు...

హెన్రిక్ వేలు వెనక్కి తీసుకున్నాడు. డేటా మీద మమకారం అలాంటిది!

చెకింగ్ నడిచింది, నడిచింది. చివరికి విండోస్ వచ్చింది. డ్రోన్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. "జీపు కదిలింది, భద్రాచలం ఊర్లకు వచ్చింది" అని వాకీటాకీ అరిచింది. హెన్రిక్ పాస్‌వర్డ్ కొట్టడం మొదలుపెట్టాడు. షాలేమ్‌రాజు కళ్ళు మూసుకుని కాలు లాగబోయాడు.

బల్ల మీద ఫోన్ మోగింది.

"ఎవరు?"

"షాపు మేడమ్ సార్. ఎత్తకపోతే అనుమానమొస్తది."

ఫ్లోరెన్స్ చప్పున స్పీకర్ నొక్కింది. సంపూర్ణ గొంతు ఖంగుమంది. "ఏంది వీరబాబూ, ఇంకెంతసేపు? సత్తుపల్లి ప్రింటర్ వచ్చింది. లోపట పెట్టిచ్చిన."

షాలేమ్‌రాజు కాలు వదులు చేసి స్క్రూడ్రైవర్ పిడి తిప్పాడు. బయట ఆకు కట్టలు కిందపడిన చప్పుడు, బూట్ల చప్పుడు. హెన్రిక్‌కి అంతా అర్థమైంది. డిస్కు పగలగొట్టాలని లాప్‌టాప్ మీదికి దూకాడు. అతని చెయ్యి దాన్ని అందుకునేలోపు బల్ల మీది పిస్టల్ ఫ్లోరెన్స్ చేతికొచ్చి అతని చెవికి ఆనింది.

"ముట్టుకోకుండ్రి సార్," అంది. "బ్యాకప్ లేదు."

కమాండోలు తలుపు విరగ్గొట్టారు. ఆ లాప్‌టాప్‌లో దొరికిన పేర్లు ఆ సాయంత్రమే ఢిల్లీ చేరాయి. డ్రోన్ జాడ కూడా అందులోనే దొరికింది.

పొద్దుగూకే వేళకి షాలేమ్‌రాజు కోర్టుకి చేరుకున్నాడు. వాంగ్మూలం ఇచ్చేసి బొజ్జయ్య వరండాలో చాయ్ తాగుతున్నాడు. ఆయన్ని చూడగానే షాలేమ్‌రాజు కళ్ళు చెమర్చాయి. పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాడు. డ్రోన్, బాంబు, విదేశీ ముఠా, అన్నీ.

బొజ్జయ్య నడుము పట్టుకుని మూలుగుతూ విన్నాడు.

"నన్ను సంపుటానికి గంత పెద్ద మిషన్ ఎందుకు సారూ? గా గుంతల రోడ్డు మీద నన్ను జీపు ఎక్కిస్తే సాలదా?"