వెదురు పేలిన ఉదయం

షిలింగ్ దుర్గాన్ని ఉత్తరాది గుఱ్ఱపుదండు చుట్టుముట్టి నూరు దినాలు గడిచాయి. తెల్లవారితే నూతన సంవత్సరం. అయినా ఏడంతస్తుల గోపురాల మీది చిరుగంటలు గాలికి మోగినా జనం ఉలిక్కిపడి ప్రాకారం వైపు చూస్తున్నారు.

అంతకాలం ఆ కోటను నిలబెట్టింది పేలుడు మందు. చీనా దేశపు మునులు చావులేని గుళిక కోసం గంధకమూ సూరేకారమూ నూరబోయి గడ్డాలు కాల్చుకున్నారట. వాళ్ళూ మనలాగే దాన్ని మందనే పిలిచారు. ఆయుష్షు పెంచవలసిన ఆ మందు ముందు పండుగకు టపాకాయ అయింది, పిమ్మట యుద్ధానికి అగ్నిబాణమైంది. మనిషి చేతిలో పడ్డది ఏదీ కుదురుగా ఉండదు.

ఇప్పుడది రెండు జాడీలకు వచ్చింది. అందుచేత ప్రధానామాత్యుడు షూ లిన్ సభలో లేచి, ఈ ఏడు ఎవరూ టపాకాయ కాల్చరాదనీ, ప్రతి చిటికెడూ ప్రాకారానికే దక్కాలనీ విన్నవించాడు. సబబైన మాటే గనుక సేనాధిపతి గావ్ రెన్ తల ఊపి దండోరా వేయించాడు. తీయని మాట వెనుక గొయ్యి ఉందని ఆయనకు తెలియదు. కోట అప్పగిస్తే పాలకుణ్ణి చేస్తామన్న శత్రువుతో అమాత్యుడు అప్పటికే లేఖలు నడుపుతున్నాడు. శత్రు సేనాని రుజువు అడిగితే, పండుగ తెల్లవారుజామున కోట మూగబోతే మందు అడుగంటినట్టేనని, నిచ్చెనలు వేయమని జవాబు రాశాడు.

ఆ సాయంకాలం శత్రువులు నిచ్చెనలు ముందుకు మోసుకురావడం గావ్ రెన్ గోడ మీది నుంచి చూశాడు. ఎందుకో బోధపడలేదు. గుఱ్ఱపుశాలల గోడలు గీకి సూరేకారం తీసే మేయ్ అవ్వ, ఇక గీకేందుకు గోడలు లేవని చెప్పడానికి అప్పుడే వచ్చింది.

"దొరా, టపాకాయలు వద్దని చాటించింది నువ్వేనా? ఈ తెల్లవారుజామున మోగని ఊరిని నేను పుట్టాక చూడలేదు. మోగకపోతే మన కుండ ఖాళీ అని బయటున్న పసివాడికైనా తెలుస్తుంది" అంది.

నిచ్చెనలు ఎందుకో సేనాధిపతికి అప్పుడు బోధపడింది. కాలిస్తే గోడకు మందు లేదు, కాల్చకపోతే కోటే లేదు. దారి చూపింది మళ్ళీ అవ్వే. మందు పుట్టకముందు పెద్దలు పచ్చివెదురు నిప్పుల్లో వేసేవారట, కణుపులు కాగి పిడుగుల్లా పేలేవట. టపాకాయలు వచ్చాక ఊరు ఆ సంగతే మరచిపోయింది.

ముట్టడిలో పచ్చివెదురు మిగిలింది ఒక్కచోటే, రాజుగారి పూర్వుల సమాధుల తోటలో. అక్కడ కొమ్మ నరికితే శిరచ్ఛేదమని పాత శాసనం. అనుమతికై విన్నపం పంపితే అది షూ లిన్ చేతుల మీదుగానే పోవాలి. గావ్ రెన్ విన్నపం పంపలేదు. చీకటి పడేలోగా భటులను తోట వాకిట నిలిపి, గొడ్డలి తానే అందుకున్నాడు.

"నరకడం నా పని, మోయడం మీ పని. శాసనం నరికినవాణ్ణే అడుగుతుంది" అన్నాడు.

తెల్లవారుజామున వీధి వీధినా మంటలు లేచాయి, వెదుళ్ళు పేలాయి, కోట కోటంతా దద్దరిల్లింది. లోపల మందు దండిగా ఉందనుకున్న శత్రువు నిచ్చెనలు వెనక్కి తీశాడు. అతడు అయిదు రోజులు తటపటాయించేసరికి ఆరవనాడు దక్షిణం నుంచి సాయం వచ్చింది, ముట్టడి వీడింది.

ఏడవనాడు అమాత్యుడు నిండుసభలో శాసనం చదివాడు. పడుచురాజు కన్నీళ్ళతో సేనాధిపతిని సమాధానం అడిగాడు.

"మహాప్రభూ, తోట నరికింది నేనే. క్షమించమని వేడను. కాని ఆ ఉదయం ఈ నగరం మౌనంగా ఉండాలని మొదట కోరినవారెవరో, ఎందుకు కోరారో, తీరిక చిక్కినప్పుడు ఆలోచించండి."

తాతల శాసనాన్ని దాటే ధైర్యం రాజుకు లేకపోయింది. ఆ పిరికితనం మీద నాకు నేటికీ కోపమే. గావ్ రెన్‌ను ఆ మధ్యాహ్నమే వధించారు.

మరుసటి ఏడు సూరేకారం బండ్లకొద్దీ వచ్చింది. జనం మనసు గెలవాలని షూ లిన్ ఇంటింటికీ టపాకాయల కట్ట పంచాడు. చావు జరిగిన ఇంట ఆ ఏడు టపాకాయ కాల్చకపోవడం ఆ దేశాచారం. తెల్లవారింది. నగరంలో ఒక్క చప్పుడైనా లేదు. పంచిన కట్టలన్నీ విప్పకుండానే అమాత్యుని గుమ్మం ముందు గుట్టపడి ఉన్నాయి.

పొద్దెక్కేదాకా రాజు బురుజు మీద నిలబడి ఆ మౌనాన్ని విన్నాడు. తరువాత కావలివాణ్ణి పిలిచి, షూ లిన్‌ను తీసుకురమ్మన్నాడు.