జరీకి పడని వాసన

"సైకిల్ దిగు."

పరమేశ్వర్ దిగలేదు. దిగుదామన్నా రాజమణి హ్యాండిల్ పట్టుకుని అడ్డంగా నిలబడి ఉంది. చంకలో గంప, గంపలో పాత చీర ముక్క, ఆ ముక్కలోంచి బయటికి రెండు పసుపు చెవులు.

"దిగాలంటే హ్యాండిల్ ఇడువాలె గద," అన్నాడతను నవ్వుతూ.

"నవ్వకు. జరీకి పాణం మంచిగ లేదు. పశువుల దవాఖానకు పోవాలె. నడువు."

ఆమె కళ్ళు చూశాక అతని నవ్వు ఎటు పోయిందో పోయింది. దిగి, గంపను క్యారియర్ మీద పెట్టి తాడుతో కట్టాడు.

జరీ అంటే పిల్లి. పసుపు చారలు మెరుస్తుంటాయని రాజమణి పెట్టిన పేరు. కల్వకుర్తి సాలెవాడలో పిల్లిని ముద్దు కోసం పెంచరు. మగ్గం మీద పరిచిన నిలువు పోగుల పడుగుకు గంజి పట్టించి ఉంటుంది కదా, అది ఎలుకలకు పెళ్ళి భోజనం. ఒక్క ఎలుక చొరబడిందంటే ఇంటిల్లిపాదీ పడ్డ కష్టం తెల్లారేసరికి తెగిన పోగుల కుప్ప. అందుకే రాజమణి తండ్రి సిద్దయ్య, తను తినే ముందు జరీ తిన్నదా అని అడిగేవాడు. కాబోయే అల్లుణ్ణి అలా అడిగిన దాఖలా లేదు.

ఆ కాబోయే అల్లుడే పరమేశ్వర్. రాజమణి తల్లి సావిత్రమ్మకు స్వయానా అన్న కొడుకు. కోస్గి వాడు. పందొమ్మిది వందల అరవై దాటాక ఊరూరా చేనేత సొసైటీలు వెలుస్తున్న రోజుల్లో కల్వకుర్తి సొసైటీలో గుమస్తాగా కుదిరి, ఇక్కడే గది కిరాయికి తీసుకున్నాడు. సోమవారం అతని తండ్రి వెంకటరాజం లగ్గం మాట్లాడడానికి వస్తాడు. వాడంతా ఎరిగిన సంగతే. రాజమణికి ఇష్టమా కాదా అన్నది మాత్రం ఎవరూ ఎరుగరు. అతను అడిగి చూశాడు కూడా. "మా బాపును అడుగు పో," అని కండెలు చుట్టుకుంటూ కూర్చుంది. అతని సైకిల్ గంట వినబడితే రాట్నం ఎందుకు ఆగేదో ఆ రాట్నానికే తెలియాలి.

దారిలో సన్నగా తుంపర మొదలైంది. ఇద్దరి మధ్యా ఉన్నది ఒకే గొడుగు. పరమేశ్వర్ దాన్ని విప్పి గంప మీద పట్టాడు.

"నువ్వు తడుస్తున్నవ్," అంది రాజమణి.

"నువ్వూ తడుస్తున్నవ్."

"నాకేం కాదు."

"నాకు మాత్రం ఏమైతది? గంజి పెట్టిన అంగీ మెత్తబడతది, అంతే."

మరో రోజైతే ఆ మాటకు ఆమె నవ్వేదే. ఇవాళ గంపలోకి తొంగి చూసి, "జరీ, జర ఓపిక పట్టు," అని అడుగు పెంచింది.

దవాఖాన ముందు ఎడ్లు, మేకలు, వాటిని తెచ్చినవాళ్ళు. గంపలో పిల్లిని చూసి మేక తెచ్చిన ఒకాయన పకపకా నవ్వాడు. "పిల్లికి గూడ దవాఖాననా? కాలం గిట్లయిందా?"

"మా పడుగు కాసేది నీ మేక గాదు, ఈ పిల్లి," అంది రాజమణి. ఆయన మేకను పక్కకు లాగి దారిచ్చాడు. లోపలికి ఆమె అడగకుండానే వెళ్ళిపోయింది. వెనకాల గొడుగు మడుస్తూ పరమేశ్వర్.

డాక్టర్ జరీని బల్ల మీద నిలబెట్టాడు. నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు జారాయి. నోట్లోంచి చొంగ కారుతోంది. ఒళ్ళంతా సన్నగా వణుకు.

"ఇంట్లో ఏం చెట్లున్నాయమ్మా?"

"వాకిట్ల గన్నేరు ఉంది. దిష్టికని గుమ్మానికి కలబంద కట్టినం."

"గన్నేరు నమిలిందేమో! పిల్లికే కాదు, మేకకైనా మనిషికైనా అది విషమే. కలబంద కూడా దీనికి పడదు. ఇంట్లో పొగలు, వాసనలు ఏమైనా వేస్తారా? ఊదు, కర్పూరం?"

"గన్నేరే అయ్యుంటది సార్," అంది రాజమణి. "మా అమ్మ దేవునికి పూలు కావాలంటది. పీకేస్త, ఇయ్యాల్నే పీకేస్త."

డాక్టర్ జరీ వీపు మీది వెంట్రుకలు పట్టి చూశాడు. అవి అట్టలు కట్టి ఉన్నాయి. వంగి వాసన చూసి ముఖం చిట్లించాడు. "ఇదేం ఘాటు?"

ఆ ఘాటు తలుపు దగ్గర నిలబడ్డ పరమేశ్వర్‌నూ తాకింది. అదేమిటో అతనికి తెలుసు. నోరు మెదపకపోతే నింద గన్నేరు చెట్టు మీదికి పోతుంది. చెట్టు మాట్లాడదు. సోమవారం లగ్గం మాటలు జరిగిపోతాయి.

"నీలగిరి నూనె సార్," అన్నాడు. "నేనే తెచ్చిన, పట్నం నుంచి. ఎలుకలు రావని పడుగు గంజిల కలపమని మామకు నేనే చెప్పిన."

రాజమణి తల తిప్పి అతని వంక చూసింది. ఆ చూపుకు అతను నేల చూశాడు.

"గంజి ఆరిపోతే దీనికెట్లా అంటింది?" అన్నాడు డాక్టర్.

"మిగిలిన గంజిని బాపు మగ్గం కింద కాళ్ళు పెట్టే గుంత గోడలకు పూసిండు," అంది రాజమణి నెమ్మదిగా. "జరీ పండేది గా గుంతలనే."

డాక్టర్ నిట్టూర్చాడు. "మన ముక్కుకు మంచి వాసనే. దీని ఒంట్లో మాత్రం ఆ నూనె అరగదు. పిల్లి ఊరుకోదు కదా, ఒళ్ళంతా నాకుతుంది. అంటినదంతా కడుపులోకే. గోరువెచ్చని నీళ్ళు, సబ్బు పెట్టి కడగండి. బాగా తుడిచి వెచ్చగా పడుకోబెట్టండి. కక్కించాలని బలవంతంగా ఏదీ పోయకండి. రేపో ఎల్లుండో తల ఎత్తితే బతికినట్టే. నేను మాట ఇవ్వలేను." జరీకి సూది వేసి, చేతులు కడుక్కుంటూ అన్నాడు. "మళ్ళీ ఆ వాసన ఉన్న చోట పడుకుందంటే మాత్రం నా దగ్గరికి తెచ్చి లాభం లేదు."

తిరుగు దారిలో తుంపర వానయింది. గొడుగు జరీకే.

"ఎవరడిగిండ్రు నిన్ను ఐడియాలు?" అంది రాజమణి.

"మామ ఎలుకలు ఎక్కువైనయ్ అంటే..."

"ఎలుకలకు జరీ ఉండె గద! నీ సీసా ఎందుకు మాకు? ప్యాంటు తొడిగిన ప్రతివానికి తెలివి ఉంటదా?"

అతను గొడుగును గంప మీదికి ఇంకాస్త వంచాడు. ఆమె ఇంటిదాకా అతనికి రెండడుగుల ముందే నడిచింది. ఇంకో నాలుగు తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

సంగతి విని సావిత్రమ్మ గోడకు చేరగిలబడింది. "పిల్లిని సంపిన పాపం బంగారు పిల్లిని జేసి కాశిల ఇచ్చినా పోదంటరు. పరమేశూ, మీ నాయినకు కబురు పంపు. సోమవారం రావద్దను. పిల్లి సచ్చిన ఇంట్ల లగ్గం మాట ఎత్తను నేను."

"పోరనొక్కని తప్పే గాదు," అని సిద్దయ్య గొణిగాడు. "వాడు మూతెడు పొయ్యమన్నడు. మూతెడుకే గింత మంచిగుంటే సీసెడు పోస్తే ఎంత మంచిగుంటదో అనుకున్న."

"కబురు పంపను అత్తా," అన్నాడు పరమేశ్వర్ చేతులు పైకి మడుస్తూ. "అది బతుకుతది. నీళ్ళు పెట్టు."

పిల్లికి స్నానం చేయించడం ఇద్దరు మనుషుల పని, ఆరుగురి ఓపిక. రాజమణి తల పట్టుకుంది, పరమేశ్వర్ సబ్బు రుద్దాడు. చావుబతుకుల్లో ఉన్నా జరీకి నీళ్ళంటే కోపం పోలేదు. అతని ముంజేతుల మీద గోళ్ళతో ఎర్రటి చారలు గీసింది. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రెండోసారి, మూడోసారి కడిగాడు, ఘాటు పోయేదాకా. తుడిచేటప్పుడు ఇద్దరి వేళ్ళూ తువ్వాలు కింద తగిలాయి. రాజమణి తన చెయ్యి మెల్లగా తీసుకుంది. కొంచెం ఆలస్యంగానే తీసుకుంది.

చేతులు తుడుచుకుని అతను మగ్గం వైపు నడిచాడు. "మామా, గీ పడుగు ఇప్పాలె."

సిద్దయ్య ఉలిక్కిపడ్డాడు. "సగం నేసినంకనా?"

"నేసింది కోసి తీయుండ్రి. మిగిలింది బావి కాడ కడిగి మళ్ళ గంజి పెడ్త. గుంత గోడలు గీకి మట్టితోటి అలుకుత. ఈ వాసన ఉన్నంతసేపు జరీకి ఈ ఇల్లు పనికిరాదు."

పక్కింటి జానమ్మ తలుపు దగ్గరి నుంచే అందుకుంది. "సొసైటీల కలం పట్టేటోనికి గంజి దువ్వే కుంచె పట్టొస్తదా?"

"మా నాయిన మగ్గం కిందనే పుట్టిన అత్తా. మర్చిపోతే నేర్చుకుంట."

మర్నాడు శనివారం. సొసైటీకి సెలవు పెట్టాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి గుంతలో దిగి, తాపీతో గోడలు గీకాడు. గీకిన మట్టిని ఊరి బయట పారబోశాడు. కొత్త మట్టి తెచ్చి, పేడ కలిపి అలికాడు. బావి దగ్గర పడుగును తడిపి, పిండి, వాసన చూసి, మళ్ళీ తడిపాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి నవ్వుకున్నారు. నవ్వినవాళ్ళను అతను పట్టించుకోలేదు.

రాజమణి జరీని ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చుని అంతా చూస్తూనే ఉంది. మధ్యలో లేచి గుమ్మానికి కట్టిన కలబంద తెంపింది. గడ్డపార తీసుకుని గన్నేరు మొదట్లో పోటు వేసింది.

"దేవుని పూల చెట్టే పిల్లా!" అని సావిత్రమ్మ లబలబలాడింది.

"దేవునికి మందారం పెడదాం. జరీకి ఇంకో పాణం యాడికెల్లి తేవాలె?"

ఆదివారం పొద్దున్నే జరీ తల ఎత్తింది. ముందు చెవులు, తర్వాత మెడ. రాజమణి చూపుడువేలు నీళ్ళలో ముంచి అందిస్తే నాకింది. మళ్ళీ నాకింది. కాసేపటికి గిన్నెలో మూతి పెట్టింది. రాజమణి ఏడ్చింది, దాచుకోకుండా ఏడ్చింది. సావిత్రమ్మ దేవుడి పటం ముందు చేతులు జోడించి, వెలిగించబోయిన కర్పూరం గుర్తొచ్చి డబ్బాలో పెట్టేసింది.

అప్పుడే వచ్చిన పరమేశ్వర్‌ను చూసి, "మీ నాయినను రానియ్యి కొడుకా," అంది.

"వస్తడు అత్తా. రాజమణి రమ్మంటేనే."

"దానిదేముంది, మేం రమ్మంటున్నం గద!"

"మాట రాజమణి చెప్పాలె," అన్నాడతను. అంతకుముందు ఆమెను నవ్వుతూ అడిగిన సంగతే. ఈసారి నవ్వలేదు. రాజమణి జరీ చెవులు నిమురుతూ కూర్చుంది. అతను కాసేపు చూసి గంజి కుండ ఎత్తుకుని వీధిలోకి వెళ్ళాడు.

వాన వెలిసి ఎండ కాసింది. కడిగిన పడుగును వీధి ఈ చివర నుంచి ఆ చివరకు సాగదీసి గుంజలకు కట్టారు. గంజి పట్టించాక కుంచె ఆగకూడదు. ఆగితే పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఈ కొస నుంచి పరమేశ్వర్ మొదలుపెట్టాడు. ఆ కొసకు ఒక మనిషి కావాలి. సిద్దయ్య లేవబోతుంటే రాజమణి జరీని తల్లి ఒళ్ళో పెట్టి, కొంగు బిగించి, రెండో కుంచె అందుకుని ఆ చివరకు నడిచింది.

కాసేపు కుంచెల చప్పుడే. ఉన్నట్టుండి ఆ చివర నుంచి కేక.

"ఓ బావా!"

వాడంతా తలెత్తింది. పెళ్ళి కాని పిల్ల నడివీధిలో అలా పిలవడం అంతకుముందెవరూ వినలేదు. దగ్గరికొచ్చి చెబుదామంటే కుంచె ఆపాలి. ఆపకూడదు కదా!

"ఏందీ?" అతనూ అరిచాడు.

"మీ నాయినను రమ్మను!"

"నీకిష్టమేనా?"

"దవాఖానల నువ్వు నోరు మూసుకుంటే నింద గన్నేరు మీద పోతుండె! నువ్వు చెప్పినవ్! నేను అప్పుడే ఒప్పుకున్న!"

"మరి అప్పుడే చెప్పొద్దా? పాణం పొయ్యింది నాకు!"

"కోపంల ఉన్న గద!"

అరుగుల మీద నవ్వులు పగిలాయి. సావిత్రమ్మ సిగ్గుతో జరీని ముఖానికి అడ్డం పెట్టుకుంది. జానమ్మ చేతులు తిప్పుతూ, "ఇగ వెంకటరాజానికి కబురెందుకు సావిత్రమ్మా, కోస్గి దాంక ఇనబడ్డది!" అంది.

"కుంచెలు ఆపకుండ్రి!" సిద్దయ్య మొత్తుకున్నాడు. "లగ్గం సంగతి నేను జూస్త. పోగులు అతుక్కుంటై!"

వాళ్ళు ఆపలేదు. ఒకరు అటు నుంచి, ఒకరు ఇటు నుంచి పోగులు దువ్వుకుంటూ నడిచారు. వీధి నడుమ రెండు కుంచెలూ తగిలాయి. ముఖాలు దగ్గరైనప్పుడు, అరవనవసరం లేని గొంతుతో పరమేశ్వర్ అడిగాడు.

"ఇంకా కోపం ఉన్నదా?"

"ఉన్నది," అంది రాజమణి, గీరిన చారలు మానని అతని చేతుల వంక చూస్తూ. "జల్ది లగ్గం చేసుకో. ఇంటికొచ్చి తీరుబాటుగ కొట్లాడుత."