ఈశ్వరి దగ్గు

ఉదయం ఏడింటికే డాక్టర్ జగన్నాధం ఇంటి అరుగు నిండిపోయింది. రాజాం చుట్టుపక్కల ఊపిరితిత్తుల జబ్బులకని ప్రత్యేకంగా చదివి వచ్చిన మొదటి డాక్టరు ఆయనే. నలభై ఏళ్ల కిందట, క్షయ అని తెలిస్తే కన్నవాళ్లే పశువుల పాకలో పడుకోబెట్టే రోజుల్లో, ఆయన ఆ రోగుల పక్కన కూర్చుని మందు మింగించేవాడు.

ఆయన భార్య ఈశ్వరి కాఫీ తెస్తూ గుమ్మం దగ్గర ఆగిపోయింది. నాలుగడుగులకే ఆయాసం. విశాఖపట్నం నుంచి ముందురోజు వచ్చిన కూతురు తులసి గ్లాసు అందుకుని, తండ్రి ముందు ఒక కవరు పెట్టింది.

"అమ్మ స్కాన్ నాన్నా. పోయిన వారం నా దగ్గరికి వచ్చినప్పుడు, నీకు చెప్పకుండా తీయించాను."

జగన్నాధం ఫిల్మును కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. రెండు ఊపిరితిత్తులూ ఉబ్బి, పాడైపోయి ఉన్నాయి.

"పొగ," అన్నాడు మెల్లగా. "ఏళ్ల తరబడి పీల్చిన పొగ."

"ఏ పొగో తెలుసా? అప్పట్లో నీ రోగుల్ని ఏ హోటలూ గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. పదిహేనేళ్లు రోజూ ఇరవై మందికి పెరట్లో కట్టెల పొయ్యి మీద వండింది అమ్మ. అందరి ఛాతీ విన్నావు. అమ్మ ఛాతీ మీద స్టెతస్కోపు ఒక్కసారైనా పెట్టావా నాన్నా?"

"ఊరుకోయే, బయట జనం ఇంటారు," అంది ఈశ్వరి.

జగన్నాధం ఆమె వైపు తిరిగాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"ఎప్పుడు సెప్తాను? ఇంట్లోకొచ్చేసరికి మీరు అలిసిపోయుంటారు. డాక్టరు పెళ్లానికే దగ్గున్నాదంటే జనం మిమ్మల్ని నమ్ముతారేటి? దగ్గొస్తే పెరట్లోకి ఎల్లిపోయేదాన్ని."

ఆమె మాటిమాటికీ పెరట్లోకి వెళ్లడం ఆయన ఇన్నేళ్లూ చూశాడు. ఎందుకని అడగలేదు.

అరుగు మీంచి దాలమ్మ అనే ముసలామె పిలిచింది. "బాబూ, తొలి నంబరు నాదే."

ఆయన బయటికి వెళ్లాడు. "కాసేపు కూర్చో దాలమ్మా. నీకన్నా చాలా ముందు వచ్చిన మనిషి ఒకరున్నారు."

తిరిగొచ్చి, ఈశ్వరిని చెయ్యి పట్టుకుని తన గదిలోకి నడిపించాడు. రోగులు కూర్చునే స్టూలు మీద కూర్చోబెట్టి, చీటీ తీసి ఆమె పేరు రాశాడు. ఆ పక్కన కలం ఆగిపోయింది.

"వయసెంత ఈశ్వరీ?"

"అరవయ్యారు."

"దగ్గు ఎన్నాళ్ల నుంచి?"

"తులసి పెళ్లికి ముందునుంచే."

తులసి కొడుకు కాలేజీలో చదువుతున్నాడు. జగన్నాధం అది రాయలేక కలం కింద పెట్టేశాడు. స్టెతస్కోపు ఆమె ఛాతీకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఊపిరి చప్పుడు ఎక్కడో దూరంగా, సన్నగా వినిపించింది. అంతగా పాడైన ఊపిరితిత్తులు మళ్లీ బాగుపడవని ఆయనకు తెలుసు.

"తగ్గుతాదేటి?" అని అడిగిందామె, అందరు రోగుల్లాగే.

ఆ ప్రశ్నకు వేలమందికి జవాబు చెప్పిన మనిషి, ఆమె చేతులు రెండూ కళ్లకు ఆనించుకుని ఏడ్చాడు. గుమ్మంలో నిలబడ్డ తులసికి కోపమంతా కరిగిపోయింది. వచ్చి తండ్రి భుజం పట్టుకుంది.

ఈశ్వరి ఆయన తల నిమిరింది.

"ఊరుకోండి," అంది ఆయాసపడుతూ. "ఇప్పటికైనా అడిగినారు కదా."