నేను తగను సార్

"ఈ అవార్డుకు నేను తగను," అన్నాడు రాఘవేందర్ మైకులో. "ఐ యామ్ హంబుల్డ్."

రెండో వరసలో కూర్చున్న రవళి నుదురు కొట్టుకుంది. అమీర్‌పేటలోని ఆ కోచింగ్ సెంటర్‌లో ఆమె స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతుంది, అతను జావా చెబుతాడు. ఏడాదిగా ప్రేమించుకుంటున్నారు. ఆ ఏడాదిలో ఒక్క మెచ్చుకోలునైనా అతను తిన్నగా పుచ్చుకోగా ఆమె చూడలేదు.

మీటింగ్ అవగానే మెట్ల మీద పట్టుకుంది.

"షీల్డు చేతికి రాగానే పెళ్లికొడుకులా వెలిగిపోయావు. హంబుల్డ్ ఎక్కడయ్యావు? తల దించుకునే పని జరిగితే అనే మాట అది. నీకు జరిగింది సన్మానం."

"అందరు గట్లనే అంటరు కద. లేకుంటే పొగరనుకుంటరు."

"ఆనర్డ్ అను. లేదా థాంక్యూ అని దిగిపో. క్లాసులో చెప్పి చెప్పి నా గొంతు పోయింది. పక్కనున్నవాడికి మాత్రం ఎక్కలేదు."

"అంత మంచి టీచర్‌కు స్టూడెంట్‌గ కూడ నేను తగను," అన్నాడతను.

తిడుతున్నప్పుడు నవ్వొస్తే ఎంత చిరాకో రవళికే తెలుసు. ముఖం పక్కకు తిప్పుకుంది.

"రేపు నాన్న నిన్ను చూడ్డానికి వస్తున్నారు. ఆయన ముందు ఈ వినయం వద్దు. ముప్పై ఏళ్లు కోర్టులో టైపిస్టుగా చేశారు. ఎవరు ఏమంటే అది అన్నట్టే టైపు కొట్టడం ఆయన అలవాటు. నువ్వు ఒక్క మాట తప్పుగా అన్నావంటే కాకినాడ సంబంధం ఖాయం చేసేస్తారు."

"ఫికర్ చెయ్యకు."

ఆ మాట విన్నప్పుడే ఆమె ఫికర్ చేయాల్సింది.

మర్నాడు పంజాగుట్ట టిఫిన్ హోటల్లో రవళి నాన్న వీరవెంకటసత్యనారాయణగారు ఇడ్లీ ముగించి, చేయి కడుక్కొచ్చి, కాఫీ అందుకున్నారు. బయట వాన మొదలైంది.

"మీ గురించి మా అమ్మాయి చాలా గొప్పగా చెప్పింది బాబూ. మీరు పాఠం చెప్పే తీరు, అమ్మగారిని చూసుకునే తీరు. తనకి తగినవాడు మీరేనంది."

రాఘవేందర్ కుర్చీలోంచి సగం లేచి చేతులు జోడించాడు. రవళి బల్ల కింద అతని కాలు తొక్కింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"అయ్యో, అంత పెద్ద మాటెందుకు సార్. రవళికి నేను తగను."

ఆయన కప్పు కింద పెట్టారు. "ముందే చెప్పారు, మంచిపని చేశారు," అని గొడుగు తీసుకున్నారు. "పదమ్మా."

"నాన్నా, అది ఊరికే అన్నాడు."

"పెళ్లి మాటల్లో ఊరికే ఏంటమ్మా? నేను తగనని అతనే అంటుంటే, కాదనడానికి నేనెవర్ని?"

రవళికి కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఒకే ఒక్క జాగ్రత్త చెప్పింది. దాన్ని గుర్తుపెట్టుకోవడం కూడా అతనికి చేతకాలేదు. వెనక్కి చూడకుండా తండ్రి వెంట నడిచింది.

మెట్రో మెట్ల దగ్గర వెనక నుంచి పరుగు చప్పుడు వినిపించింది. రాఘవేందర్ తడిసి ముద్దయి ఉన్నాడు.

"సార్, జర ఆగుండ్రి. ఇందాక నేను అబద్ధం చెప్పిన."

"ఏది అబద్ధం?"

"తగననుడు. నేను పాఠం మంచిగ చెప్త. అమ్మను మంచిగ చూసుకుంట. రవళిని సుత అట్లనే చూసుకుంట, అది నాకెరుకే. గట్లంటే మీరు పొగరనుకుంటరని భయమైంది."

ఆయన గొడుగు అతని మీదికి కొంచెం వంచారు. "అయితే మళ్లీ అంటాను. నువ్వు మంచివాడివి బాబూ."

రాఘవేందర్ చేతులు అలవాటుగా పైకి లేచాయి. నోరు తెరుచుకుంది. రవళి ఊపిరి బిగబట్టింది.

చేతులు మెల్లగా కిందికి దిగాయి.

"థాంక్యూ సార్." అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది రాసుకోదగ్గ మాట," అన్నారాయన. గొడుగు అతని చేతికిచ్చి, కాకినాడవాళ్లకి వద్దని ఫోన్ చేసి వస్తానని మెట్లెక్కారు.

ఆయన కనుమరుగవగానే రవళి అందుకుంది. "ఒక్క థాంక్యూ చెప్పడానికి ఇంత రాద్ధాంతమా? నా ప్రాణం సగం పోయింది, తెలుసా?"

అతను వినడం లేదు, చూస్తున్నాడు.

"గీ చీరల మస్తున్నవ్."

"ఏముంది, పాతదే," అనేసింది.

రాఘవేందర్ కనుబొమ్మలు పైకి లేపాడు.

ఆ చీర మొన్న శనివారమే, అతనికి నచ్చాలని మూడు షాపులు తిరిగి కొంది. రవళి పళ్లు కొరికింది. గొడుగు కిందికి జరిగింది.

"కొత్తదే," అంది చివరికి. "థాంక్యూ."