గొడుగు మాట ఎవరు చెప్పినారు?

ధనంజయను చంపడానికి ఒక్క జీపు చాలదని శత్రువులకు ఆలస్యంగా తెలిసింది. తువ్వాళ్లు అమ్మేవాడి వేషంలో ఉన్న అతన్ని నగరి రోడ్డులో గుద్దేసి, చచ్చాడనుకుని పోయారు. మర్నాడు ఉదయం పదింటికి ఏజెంట్ ధనంజయ చిత్తూరు నర్సింగ్ హోంలో, తలకు కట్టుతో, ఆకలేస్తోందని నర్సును సతాయిస్తున్నాడు. అమ్మగా మిగిలిన ఒక్క తువ్వాలు దిండు మీద ఉంది.

చీఫ్ రాజారత్నం మంచం పక్కన నిలబడ్డాడు. "రాకెట్ నక్షాలు ఎత్తుకుపోయే లారీ పదకొండింటికి తడ చెక్‌పోస్టు దాటేస్తాది. దాని నంబరు చూసింది నువ్వొక్కడివే. గుర్తుండాదా?"

"లేదు సార్. చీటీ మీద రాసి దాచినాను. యాడ దాచినానో అదీ గుర్తు లేదు."

చెబుతుంటేనే అతనికి తన మీద తనకే ఒళ్లు మండింది.

"మద్రాసు నుంచి బ్రెయిన్ స్పెషలిస్టు వచ్చినాది. కోడ్‌వర్డ్ సరిగ్గానే చెప్పింది. నీ జ్ఞాపకశక్తి టెస్ట్ చేస్తాది." చీఫ్ వరండాలోకి వెళ్లాడు.

డాక్టర్ పంకజాక్షి వచ్చింది. నల్ల కళ్లజోడు, హైహీల్స్, గది నిండా సెంటు వాసన.

"మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. దీపం, చెప్పులు, నిమ్మకాయ. మళ్లీ అడుగుతాను."

ఇవాళ ఏ వారం? ఇది ఏ ఊరు? వందలోంచి ఏడేడు తీసేస్తూ రండి. ధనంజయ ఎనభై ఆరు దగ్గర తడబడ్డాడు. ఆమె పట్టించుకోలేదు, ఒక్క ముక్క రాసుకోలేదు. చీటీ ఎక్కడ అని మాత్రం నాలుగుసార్లు అడిగింది. అతనికి అనుమానం వచ్చింది.

"సరే, ఆ మూడు మాటలు?"

నిమ్మకాయ అతని నాలుక చివరే ఉంది, అయినా కావాలనే మార్చాడు. "దీపం, చెప్పులు... గొడుగు."

"వెరీ గుడ్! మూడూ కరెక్టే. ఇక ఆ చీటీ..."

"గొడుగు నువ్వు చెప్పనే లేదు గదమ్మా! నా తలకాయ పగిలినాది సరే, నీ తలకాయకేమొచ్చె?"

ఆమె చేతిలో సిరంజి లేచింది. ధనంజయ తువ్వాలు లాగి, ఆ చేతిని మంచం కమ్మీకి బిగించి ముడేశాడు. నిజంగానే నగరి నేతగాడి కొడుకతను. తల మరిచినా వేళ్లు ముడి మరవలేదు. ఆ వేళ్లకే తువ్వాలు కుచ్చులో గట్టిగా ఏదో తగిలింది. నిన్న తనే వేసిన ముడి. విప్పితే చీటీ!

"సార్!"

రాజారత్నం వైర్‌లెస్ అందుకున్నాడు. తడలో గేటు పడేసరికి లారీ ముందు చక్రాలు గీత మీదున్నాయి. పదకొండుకు ఇంకా ఒక్క నిమిషం ఉంది.

పోలీసులు పంకజాక్షిని తీసుకుపోయాక చీఫ్ కేస్ షీటు చూశాడు. "రిజల్ట్ ఏమని రాయాలప్పా?"

"పేషెంటు పాసు, డాక్టరమ్మ ఫెయిలు అని రాయండి సార్. ముందు నాకు ఇడ్లీ చెప్పండి."