జానయ్య మింగిన ప్రశ్న

మలాం డబ్బీ జానయ్య చెవి పక్కనుంచి దూసుకెళ్లి, మందుల బీరువాకు తగిలి కింద దొర్లింది.

"మొలలకంట మలాం! నాలుగు నెలలాయె రాయబట్టి. ఇగ నీ మూతికి రాసుకో, జర సక్కగైతవ్!"

విసిరిన మనిషి అండాలు. ఇరవై రెండేళ్లు. పెద్ద కళ్లు, అంతకన్నా పెద్ద గొంతు. నెల నెలా కడుపులో కత్తులు దిగుతాయి, దొడ్డికి పోతే నెత్తురు పడుతుంది. పనికి రాదని, పిల్లలు కనదని మొగుడు కులపెద్దల ముందు తెగతెంపులు చేసుకుని పోయాడు.

అది 1941 వానాకాలం. భువనగిరి కోటగుట్ట కనిపించేంత దూరంలో ఉన్న ఒక మిషన్ దవాఖానలో జానయ్య కంపౌండర్. నర్సు బాలనర్సమ్మ పురిటికి పుట్టింటికి పోయినప్పటి నుంచి, తెలుగు రాని దొరసాని డాక్టరమ్మ మాటల్ని రోగులకు చెప్పే పని కూడా అతని నెత్తినే పడింది. ఎంతటి గాయానికైనా రెప్ప వాల్చని మొనగాడు, ఆడవాళ్ల సంగతులు రాగానే చెమటలు కక్కేవాడు.

కుర్చీలో కూర్చున్న దొరసాని ఇంగ్లీషులో పొడుగాటి ప్రశ్న ఒకటి అడిగింది. జానయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"నొప్పి ఉందా అంటాంది" అన్నాడు.

అండాలు నడుం మీద చేతులు పెట్టుకుంది. "అమ్మ గంతసేపు మాట్లాడింది. నీ నోట్లకెళ్లి మూడు మాటలొచ్చినయ్. మిగిలినయి ఎవడు మింగిండు?"

జానయ్య గుటక వేశాడు. నాలుగు నెలలుగా దొరసాని అడుగుతున్న ఆ ఒక్క ప్రశ్నను అతను అడగనే లేదు. "లేదంటోంది" అని తనే జవాబు చెప్పేశాడు. అది నమ్మే ఆమె మొలలని రాసింది. ఇప్పుడు నిజం చెబితే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే ఈ పిల్ల ప్రాణమే పోవచ్చు.

గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "గా నెత్తురు... ముట్టు దినాలల్లనే పడుతదా అని అడుగుతాంది. తప్పు నాది. సిగ్గయి అడగలే."

"నీ సిగ్గు మన్నుగాను! నా పేగులు తెగుతాంటే నీకు సిగ్గయిందా? అవును, గా నాలుగు దినాలే! తానం చేసినంక ఏం ఉండదు. చెప్పు అమ్మకు, గోడకు గాదు!"

బయట బెంచీ మీది ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. జానయ్య అంతా ఒప్పుకున్నాడు. దొరసాని అతన్ని ఇంగ్లీషులో ఉతికి ఆరేసింది. ఆ ఉతుకుడు మాత్రం ఎవరూ తెలుగులో చెప్పకుండానే అందరికీ అర్థమైంది. చివరికి ఒకటే చెప్పించింది: అండాలు ఆ రోజుల్లోనే వచ్చి చూపించుకోవాలి.

చిక్కంతా అక్కడే ఉంది. ఆ రోజుల్లో ఆమెను బండి ఎక్కనిచ్చేదెవరు? అందుకే ఎప్పుడు వచ్చినా స్నానమయ్యాకే వచ్చింది. మరుసటి నెల ముట్టయిందని అండాలు నుంచి కబురందగానే జానయ్య దవాఖాన బండి తానే తోలుకుపోయాడు. అండాలు తల్లి నర్సింగమ్మ ఎడ్లకు అడ్డం నిలబడింది.

"ముట్టుల ఉన్న పిల్లను బండెక్కిస్తవా? బండి మైలపడదా?"

"పడనీ పెద్దమ్మా. బండికి తానం పోయిస్త. ఎడ్లకు పోయిస్త. కావాలంటే నేను గూడ బాయిల మునుగుత."

"మునిగినోనివి పైకి రాకు" అంది అండాలు, నొప్పికి పళ్లు బిగబట్టి.

నర్సింగమ్మ గొణుక్కుంటూ పక్కకు తప్పుకుంది. తోవలో వాన పట్టుకుంది. జానయ్య తన గొంగడి ఆమెకు కప్పి తాను తడిశాడు. చక్రం రాయెక్కినప్పుడల్లా ఆమె తిట్టింది. అతను ఎడ్లను ఇంకా నెమ్మదిగా నడిపించాడు.

దొరసాని దీపమున్న గొట్టంతో పేగు లోపల చూసింది. నీలంగా ఉబ్బిన గడ్డ, దాని నుంచి కారుతున్న నెత్తురు. తెర ఇవతల నిలబడి జానయ్య చెప్పాడు.

"గర్భసంచి లోపలి పొర అసుంటిదే నీ పేగుకు పట్టిందట. ముట్టైనప్పుడు అది గూడ ఉబ్బి నెత్తురు కారుస్తదట. మొలలు గాదు, దయ్యం గాదు. గా పేగు ముక్క కోసేసి, కొసలు కలిపి కుట్టాలె." ఈసారి గోడవైపు తిరగలేదు. "పదిమందిల ఇద్దరు లేవకపోవచ్చట. లేచినా పిల్లలు గాకపోవచ్చట."

తెర అవతల నుంచి అండాలు అడిగింది.

"నువ్వైతే ఏం చేస్తవ్?"

"నాకెట్ల తెలుస్తది? పేగు నీది."

"గిదొక్కటి సక్కగ చెప్పినవ్. కొయ్యమను."

ఆపరేషన్ మూడు గంటలు నడిచింది. జానయ్య మత్తుమందు చుక్కలు వేస్తూ ఆమె ఊపిరినే చూస్తూ కూర్చున్నాడు. అది ఆలస్యమైన ప్రతిసారీ తన ఊపిరి ఆపుకున్నాడు. తర్వాత పది రోజులు జ్వరం, ఆపైన గంజి, ఆపైన తిట్లు. తిట్లు మొదలైన రోజున దొరసాని ఇక భయం లేదంది.

మూడు నెలలకు అండాలు రెండు కోసులు నడిచి దవాఖానకు వచ్చింది. వెనకాల రొప్పుతూ నర్సింగమ్మ.

"ముట్టుల ఉన్న" అంది అండాలు, బెంచీ అంతటికీ వినపడేలా. "నొప్పి లేదు. పేగుల నెత్తురు లేదు. ఇగ గిది చెప్పు. మా అమ్మ అడుగుతాంది, నీకు పెండ్లయిందా అని."

నర్సింగమ్మ అదిరిపడింది. "నేనెప్పుడు అడిగిన్నే?"

"ఇప్పుడడుగు."

"కాలే" అన్నాడు జానయ్య నవ్వాపుకుంటూ.

అండాలు గొంతు మొట్టమొదటిసారి తగ్గింది. "నాకు పిల్లలు గాకపోవచ్చు. నువ్వే చెప్పినవ్. మర్చిపోకు."

"గా మాట దొరసాని నోట్లకెళ్లి నీకన్నా ముందు విన్నది నేనే అండాలూ. విన్నంక గూడ ఈడనే ఉన్న."

అండాలు పోయి అతని పక్కన నిలబడింది.

నర్సింగమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"పిల్లకు వంట రాదు" అంది. "ముందుగాల్నే చెప్తున్న అల్లుడా, తర్వాత నన్ననొద్దు."