తొమ్మిది వందలూ తొమ్మిది వందలూ

“వాన తగ్గింది” అని ఏజెంట్ నీడ కోడ్ మాట చెబితేనే విమానం కిందికి దిగుతుంది. అందులో ఉన్నది విదేశీ ముఠా నుంచి తప్పించుకు వస్తున్న శాస్త్రవేత్త. అతను ప్రాణాలతో నేల తాకకూడదని ముఠా పంతం.

నీడ, ఊడ్చే మనిషి వేషంలో, విమానాశ్రయం కంట్రోల్ రూమ్‌లో ఉంది. చీపురు పిడిలో చిన్న కంప్యూటర్. విమానం దిగే దారి వివరాలతో హెడ్‌క్వార్టర్స్ పంపిన ఎక్స్‌ఎమ్ఎల్ ఫైలూ ఇక్కడికి చేరిన ఫైలూ ఒకటేనా అని నోడ్ నోడ్‌నూ, అంటే ఒక్కో వివరాన్నీ, పోల్చడం ఆమె మిషన్.

లోగడ రెండుసార్లు ఆమె ప్రోగ్రామ్ “సమానం కాదు” అంది. రెండుసార్లూ విమానాలు ఆపించింది. తీరా చూస్తే నోడ్‌లోని అట్రిబ్యూట్లు, అంటే విలువకు తగిలించే చిన్న గుర్తులు, వరస మారి వచ్చాయి, అంతే. ఆఫీసంతా ఆమెను ‘పులొచ్చె’ అని పిలవడం మొదలుపెట్టింది. క్యాంటీన్‌లో తలెత్తలేకపోయింది. అప్పుడు పక్క సెక్షన్ ఏజెంట్ వజ్రం వచ్చింది. ముందు సెంటు వాసన, వెనక మనిషి. అట్రిబ్యూట్లు వదిలెయ్ చెల్లీ, లోపలి విలువ ఒకటైతే చాలదా, అని ఓదార్చింది. వరస పట్టించుకోకుండా పోల్చాల్సింది పోయి, నీడ అట్రిబ్యూట్లు చూడటమే మానేసింది. ఆ సంగతి వజ్రానికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ చీపురు పిడిలో పచ్చ దీపం వెలిగింది. సమానం.

“వాన తగ్గింది,” అంది నీడ. మంచులో విమానం దిగసాగింది.

బల్ల తుడుస్తుంటే ఆపరేటర్ స్క్రీన్ కంటబడింది. దారిలోని కొండ దాటడానికి కనీస ఎత్తు తొమ్మిది వందల అడుగులు. హెడ్‌క్వార్టర్స్ ఫైల్లో తొమ్మిది వందల మీటర్లు.

విలువ మారలేదు. అడుగులా మీటర్లా అన్న కొలత అట్రిబ్యూట్‌లో ఉంది. అది మార్చినా తను చూడదని తెలిసింది ఒక్క వజ్రానికే.

చెబితే మళ్ళీ నవ్వుతారు. ఇంకోసారి సరిచూసుకుందామా అనుకుంటూ, తుడిచిన బల్లనే తుడిచింది. ఆ కాస్తలో విమానం ఇంకా కిందికి జారింది. సిగ్గుతో చెవులు మండుతుండగా, దిగడం ఆపించే కోడ్ మాట అంది, “గొడుగు తెరవండి.”

చెవిలోని ఇయర్‌ఫోన్‌లో ఛీఫ్ నిట్టూర్చాడు. “మళ్ళీ పులేనా అమ్మాయ్?”

“తప్పు నాదే సార్. సగమే పోల్చాను. కొండకు తగులుతుంది, పైకి లేపమనండి.”

ఛీఫ్ వెంటనే ఆ మాట పైలట్‌కు చేరవేశాడు. కొండ కొనను రాసుకున్నంత దగ్గరగా హోరుమంటూ విమానం పైకి లేచింది.

సాయంత్రానికి వజ్రం దొరికింది. నీడకు మెడల్ ఇస్తామన్నారు. ఎందుకిస్తున్నారో సభలో చదివి వినిపిస్తారని తెలిసి, ఆమె ఆ రోజుకు సెలవు పెట్టింది.